పటాలం తుపాకి కొనేముందు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను కడపలో డిగ్రీ కళాశాల అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. వార్షిక శిబిరంలో .303 రైఫిల్‌తో ఐదు తూటాలు కాల్చాను. ఆ దెబ్బ నా భుజానికి ఇప్పటికీ గుర్తుంది. మా అబ్బాయి గ్రీన్ కార్డు తీసుకుని టెక్సస్‌లో స్థిరపడ్డాడు. అక్కడి ఫైరింగ్ రేంజ్‌లో సభ్యుడిగా చేరి, సెలవు రోజుల్లో కాగితపు గురి మీద కాల్చుకోవడానికి, బాగుచేసి అమ్ముతున్న పాత సైనిక రైఫిల్ ఒకటి కొందామనుకుంటున్నాడు. నాలుగింటి ఫోటోలు పంపి, ‘ఏది తీసుకోమంటావు నాన్నా’ అని అడిగాడు. ఒకటి మన ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో తయారైన .303, దాని ముందు కర్ర చుట్టూ రాగి తీగ బిగించి ఉంది. రెండవది అదే కోవకు చెందిన ఇంగ్లండు నంబర్ 4. మూడవది రష్యావారి మోసిన్-నగాంట్. నాలుగవది స్వీడన్ మౌజర్. ఇషాపూర్ రైఫిల్ కర్ర అద్దంలా మెరుస్తోంది, పైగా మన దేశంలో పుట్టిన వస్తువు కనుక నా మనసు దాని మీదే ఉంది. వచ్చే చలికాలంలో అక్కడికి వెళ్లినప్పుడు నేనూ నాలుగు తూటాలు కాల్చాలని, వీలుంటే ఎప్పటికైనా దాన్ని కడపకు తెచ్చుకోవాలని ఆశ. ఏం చేయమంటారు?
– విశ్రాంత అధ్యాపకుడు, కడప

జవాబు: మాస్టారూ, మీ ఆశల్లో చివరి రెండింటిని ముందే పక్కన పెట్టవలసి వస్తోంది, మన్నించండి. మొదట కడపకు తెచ్చుకోవడం సంగతి. వ్యక్తులు విదేశాల నుంచి తుపాకులు తెచ్చుకునే వీలు మన దేశంలో 1980ల నుంచే దాదాపుగా మూతపడింది. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు ఇచ్చే మినహాయింపు మనవంటివారికి వర్తించదు. ఆ తలుపు తెరిచి ఉన్నా .303 మన చట్టంలో నిషేధిత బోరు (బోరు అంటే తుపాకి గొట్టం లోపలి కొలత) కనుక అది మీ ఇంటి గడప దాటి లోపలికి రాదు. ఈ సంగతి కింద ఆదోని పాఠకునికి రాసిన జవాబులో వివరంగా ఉంది.

ఇక అక్కడికి వెళ్లినప్పుడు మీరు కాల్చడం. మీరు వెళ్లేది విజిటర్ వీసా మీద. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఆ దేశంలో ఉన్నవారు తుపాకి కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో అరగంట సేపు చేతపట్టినా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుందని భావించి నడుచుకోవడం క్షేమం. అక్కడి ఏదో ఒక రాష్ట్రం జారీచేసిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవారికి, వేట కోసమో షూటింగ్ క్రీడ కోసమో అని ప్రత్యేకంగా ప్రవేశం పొందినవారికి మినహాయింపు ఉంది. కాబట్టి మీ అబ్బాయి అక్కడి న్యాయవాదిని ఒకసారి అడిగి, మీ పేరిట అటువంటి లైసెన్సు తీసుకున్న తర్వాతే మీరు ఆ తుపాకిని ముట్టుకోండి. ఇదే నిబంధన హెచ్-1బి వీసా మీదా, విద్యార్థి వీసా మీదా ఉన్న మన పిల్లలకూ వర్తిస్తుంది. సరదాగా స్నేహితులతో రేంజ్‌కు వెళ్లి, రైఫిల్ పట్టుకుని ఫోటో దిగి ఊళ్లో అందరికీ పంపే పిల్లలను చూస్తుంటాను. ఆ ఫోటో తమ మీద తామే రాసి ఇచ్చుకున్న సాక్ష్యమని వారికి ఎవరూ చెప్పి ఉండరు. మీ అబ్బాయికి గ్రీన్ కార్డు ఉంది కనుక ఆ చిక్కు లేదు. లైసెన్సు ఉన్న దుకాణంలో పత్రం నింపి, విచారణ పూర్తయ్యాక తీసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘బాగుచేసిన’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. అనంతపురం పక్క రైతులకు ఇది రాసి చెప్పనక్కరలేదు. కాలిపోయిన బోరు మోటారును కొత్త రాగి తీగతో రీవైండింగ్ చేసి, బేరింగులు మార్చి ఇచ్చే మెకానిక్ ఒకడు. పైన ఆకుపచ్చ రంగు కొట్టి ఇచ్చేవాడు మరొకడు. పాత రైఫిళ్ల సంగతీ అంతే. ఆ దేశపు ఆయుధాగారంలోనే పూర్తిగా విప్పి, కొలిచి, అరిగిన భాగాలు తీసేసి, మళ్లీ కాల్చి పరీక్షించి, నూనె గ్రీజు పూసి నిల్వచేసిన రైఫిల్ ఒక రకం. దిగుమతి అయిన తర్వాత దుకాణదారుడు కర్రను గీకి, పాలిష్ పెట్టి, ఇనుముకు నల్లరంగు ఎక్కించి బేరానికి పెట్టిన రైఫిల్ ఇంకో రకం. ఇంగ్లండు నంబర్ 4 రైఫిళ్లలో మొదటి రకానికి శరీరం (గొట్టానికి వెనుక ఉండే ఉక్కు భాగం) మీద ‘ఎఫ్.టి.ఆర్.’ అన్న అక్షరాలు, సంవత్సరం చెక్కి ఉంటాయి. కర్మాగారంలో సమూలంగా మరమ్మతు జరిగిందని దాని భావం. రెండవ రకానికి ఉండేది మెరుపు మాత్రమే. మీ మనసు దోచిన ఇషాపూర్ కర్ర అద్దంలా మెరుస్తోందన్నారు చూశారా, నాకు ముందుగా అనుమానం వచ్చింది అక్కడే. పటాలంలో ఏ కర్రా అద్దంలా మెరవదు. అవిసె నూనె తాగి తాగి ముదురు గోధుమ రంగులో, అక్కడక్కడ సొట్టలతో ఉంటుంది.

ఆ రాగి తీగ గురించి కూడా చెప్పాలి. అమ్మేవారు దాన్ని ‘బలం కోసం చుట్టారు’ అని చెబుతారు. అది నిజమే కాని సగం నిజం. రైఫిల్ మూతికి గిన్నె వంటి అమరిక బిగించి గ్రెనేడ్లు విసరడానికి వాడిన రైఫిళ్లకు, కర్ర చీలిపోకుండా అలా తీగ చుట్టేవారు. గ్రెనేడ్ విసిరిన ప్రతిసారీ ఆ రైఫిల్ ఎముకల మీద మామూలు తూటా కంటే ఎన్నో రెట్లు బరువు పడుతుంది. మ్యూజియంలో పెట్టుకోవడానికి అది మంచి వస్తువే. వారం వారం చెంప ఆనించి గురిచూసి కాల్చడానికి మాత్రం నేను దాన్ని ఎంచుకోను. ఇషాపూర్ మీద ప్రేమ తగ్గకపోతే తీగ లేనిది వెతకమనండి. అయితే అందులోనూ రెండు జాగ్రత్తలు. మీరు ఎన్.సి.సి. లో కవాతు చేసిన ‘డి.పి.’ రైఫిళ్లు గుర్తున్నాయి కదా, ఆ రెండక్షరాలు శరీరం మీద గాని, కర్ర మీద గాని ఉంటే అది కవాతుకు తప్ప కాల్చడానికి పనికిరాదని తీసి పక్కన పెట్టినది. ఎవరు ఎంత చక్కగా అతికించి తెచ్చినా వద్దు. రెండవది, 1960లలో ఇషాపూర్‌లోనే 7.62 తూటాకు తయారైన 2ఎ, 2ఎ1 రైఫిళ్లు చూడడానికి అచ్చం .303 లాగే ఉంటాయి. అవి .303ను మార్చి చేసినవని చాలామంది అనుకుంటారు గాని, ఆ ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే ఉక్కుతో కొత్తగా చేసినవి. తూటాలు నింపే మ్యాగజైన్ పెట్టె కాస్త చతురస్రంగా, కిందికి లోతుగా ఉంటే అది 7.62 అని గుర్తు. రైఫిల్ మీద చెక్కిన అంకె చదవకుండా తూటా కొనడం ఎంత తెలివైనవారు చేసినా పొరపాటే.

ఇక బ్యారెల్, అంటే తూటా బయటికి వెళ్లే గొట్టం. ఎద్దుల సంతలో నోరు తెరిచి పళ్లు చూడకుండా ఎవరూ కోడెకు బయానా ఇవ్వరు. రైఫిల్ విషయంలో ఆ నోరు బ్యారెల్ మూతి. తూటా గాలిలోకి వెళ్లే ముందు చివరిసారిగా తాకేది ఆ అంచునే. అక్కడ ఒక పక్క అరిగితే తూటా వెనుక నుంచి వచ్చే వాయువు ఒక వైపు ముందుగా తప్పించుకుని తూటాను పక్కకు తోస్తుంది. ఎందుకు అరుగుతుంది? తూటాల వల్ల కంటే శుభ్రం చేయడం వల్లనే ఎక్కువ. మీ శిబిరంలో పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి లాగినది గుర్తుందా? తాడును నిటారుగా కాకుండా కిందికి వంచి లాగే కుర్రవాళ్లు వేలమంది, ఇరవై ముప్పై ఏళ్ల పాటు లాగితే ఇసుక అంటిన ఆ తాడు ఉక్కును రంపంలా కోస్తుంది. నేను ఆయుధ మరమ్మతు పనిలో ఉన్న రోజుల్లో ఒక .303 నా బల్ల మీదికి వచ్చింది. వార్నిష్ మెరుపు, కొత్త స్లింగు, చూడముచ్చటగా ఉంది. భూతద్దం పెట్టి మూతి చూస్తే గుండ్రంగా ఉండవలసిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంది. ఐదు తూటాలు కాల్పించాను. ఐదూ కాగితం మీద పడ్డాయి గాని, వాటి మధ్య మా ఇంటి తాంబూలం పళ్లెం పట్టేంత జాగా ఉంది.

దీన్ని చూడడానికి సులువైన పద్ధతి ఒకటుంది. మందు, ప్రైమర్ (మందును అంటించే అడుగు బిళ్ల) లేని డమ్మీ తూటాను, గుండు కొన లోపలికి పోయేలా మూతిలోకి వేలితో నెమ్మదిగా దించాలి. గుండు కొంత దూరం వెళ్లి, ఇత్తడి గొట్టం అంచుకు కాస్త ముందే ఆగిపోతే మూతి బాగున్నట్టు. ఇత్తడి అంచు వచ్చి మూతిని తాకేదాకా జారిపోతే అది అరిగినట్టు. డమ్మీని అటూ ఇటూ కదిపితే ఊగిసలాడినా అరుగుదలే. ఇది కొలత పరికరానికి సాటిరాదు, కాని దుకాణంలో నిలబడి రెండు నిమిషాల్లో చేయదగిన పరీక్ష ఇదొక్కటే. తర్వాత బోల్టు (గొట్టం వెనుక నోటిని మూసే కడ్డీ) తీసేసి, వెనుక నుంచి వెలుతురు పెట్టి లోపల చూడాలి. మెలిక గాడుల అంచులు పదునుగా, నీడ గీసినట్టు కనిపించాలి. లోపల కాస్త నల్లగా, మసకగా ఉన్నంత మాత్రాన తిరస్కరించవద్దు. మసక బారినా గాడులు బలంగా ఉన్న రైఫిళ్లు బాగానే కాలుస్తాయి. యుద్ధకాలంలో చేసిన కొన్ని నంబర్ 4 బ్యారెళ్లకు ఐదు గాడులకు బదులు రెండే ఉంటాయి, అది లోపం కాదు.

మూతి తర్వాత చూడవలసినది హెడ్‌స్పేస్. బోల్టు మూసినప్పుడు దాని ముఖానికీ, తూటా అంచు ఆనుకునే చోటుకూ మధ్య ఉండే సందు అది. .303 తూటాకు వెనుక అంచు ఉంటుంది కనుక ఆ సందు అంగుళంలో వెయ్యికి 64 నుంచి 74 వంతుల మధ్య ఉండాలి. ఎక్కువైతే కాలినప్పుడు ఇత్తడి సాగి, ఒక్కోసారి రెండుగా చీలుతుంది. నంబర్ 4 లో బోల్టు తల విడిగా ఊడివస్తుంది; 0, 1, 2, 3 అని నాలుగు పరిమాణాల తలలు చేశారు, సందు పెరిగితే పెద్ద అంకె తల వేసేవారు. ఇప్పటికే 3 వేసి ఉంటే ఆ రైఫిల్‌కు ఇక పెంచుకోవడానికి చోటు లేదని తెలుసుకోవాలి. బోల్టు పిడి మీది అంకె, శరీరం మీది అంకె ఒకటేనా అని చూడమనండి. వేరైతే ఏదో రైఫిల్ బోల్టును దీనికి జోడించారన్నమాట. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) గేజి పెట్టి సరేనన్న తర్వాతే కాల్చాలి.

రష్యా మోసిన్-నగాంట్ గురించి ఎక్కువ రాయను. యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాల్లో లక్షల కొద్దీ మరమ్మతు చేసి, కర్రకు ఎర్రటి లక్క పూత పూసి నిల్వచేశారు. బోల్టు మీద, బట్ (భుజానికి ఆనే వెనుక భాగం) పలక మీద అంకెలను కొట్టేసి కొత్తగా ఒకే అంకె చెక్కారు కనుక అంకెలు కలిశాయని సంతోషించడానికి లేదు. మూతి అరిగినవాటికి చివరి భాగాన్ని లోపల నుంచి తొలిచి, బాగున్న గాడుల దాకా వెనక్కి జరిపారు. అది మోసం కాదు, మంచి పనే. 91/30 రకం పొడవు 1.23 మీటర్లు, బరువు నాలుగు కిలోలు, కాల్చినప్పుడు భుజం మీద తాపు గట్టిగా ఉంటుంది. ఒకప్పుడు చవకగా దొరికిన దాని తూటాలు ఇప్పుడు తేలికగా దొరకవు. 2021లో అమెరికా రష్యా తూటాల దిగుమతికి అనుమతులు ఆపివేయడం అందుకు ఒక కారణం. పైగా వాటిలో చాలా వాటి గుళ్లలో ఇనుము ఉంటుంది; అయస్కాంతం అంటుకుంటే రేంజ్‌వారు లోపలికి రానివ్వరు. ముందు తూటా దొరుకుతుందా అని అడిగి, తర్వాత రైఫిల్ ధర అడగడం పద్ధతి.

నన్నే కొనమంటే, కేవలం గురి కోసం అయితే, స్వీడన్ మౌజర్ ఎం-96 వైపు చేయి చాపుతాను. ఆ దేశం రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ తటస్థంగా ఉంది కనుక చాలా రైఫిళ్లు యుద్ధభూమిని చూడలేదు. 6.5 మి.మీ. తూటా సౌమ్యమైనది, భుజాన్ని కొట్టదు, ఇప్పటికీ కంపెనీలు తయారుచేస్తున్నాయి. దాని బట్ పక్కన చిన్న ఇత్తడి బిళ్ల మరతో బిగించి ఉంటుంది. ఆయుధాగారంలో కొలిచిన బ్యారెల్ లోపలి వ్యాసం, లోపలి స్థితి ఆ బిళ్ల మీద త్రికోణపు గుర్తులతో చెబుతారు. పశువు చెవికి కట్టిన బిళ్ల లాంటిదే అనుకోండి. అయితే ఆ బిళ్ల కర్రకు చెందినది; కర్ర మారితే బిళ్ల ఇంకొక బ్యారెల్ కథ చెబుతూ ఉంటుంది, కనుక కర్ర మీది అంకె కూడా కలవాలి.

కాని మాస్టారూ, మీ ఉత్తరం చదివాక నంబర్ 4 తీసుకోమనే అంటాను. .303 తో మీ అనుబంధం ఒక కారణం, మీ వయసు మరొకటి. ఇషాపూర్ రైఫిల్‌లోనూ, మౌజర్‌లోనూ, మోసిన్‌లోనూ వెనుక గురి (గురిచూసే అమరిక) బ్యారెల్ మీద, కంటికి దూరంగా ఉన్న వి లేదా యు ఆకారపు గాడి. వెనుక గాడి, ముందు మొన, దూరంలోని నల్లచుక్క మూడింటినీ ఒకేసారి చూడాలి. అరవై దాటిన కన్ను వాటిలో ఒక్కదాన్నే స్పష్టంగా పట్టుకుంటుంది. నంబర్ 4 లో వెనుక గురి కంటికి దగ్గరగా ఉన్న చిన్న రంధ్రం. రంధ్రం గుండా చూసినప్పుడు కన్ను తనంత తానే మధ్యకు చేరుతుంది, మీరు ముందు మొనను మాత్రమే చూస్తే చాలు. గురి మరను తిప్పి దూరం సర్దుకునే రకం దొరికితే మంచిది. యుద్ధకాలంలో తొందరగా చేసిన రకానికి 300 గజాలకూ 600 గజాలకూ రెండే రంధ్రాలుంటాయి. దానితో వంద గజాల్లో కాలిస్తే తూటాలు గురికి పైన పడతాయి. భయపడకుండా గురి కిందికి పట్టుకోవాలి, లేదా పొడవైన ముందు మొన వేయించాలి. బాగున్న నంబర్ 4, బల్ల మీద ఆనించి వంద గజాల్లో కాలిస్తే, ఐదు తూటాలూ అరచేతి కింద దాగాలి. అంతకంటే ఎక్కువ ఆశించవద్దు. అది పోటీలకు చేసిన మ్యాచ్ రైఫిల్ కాదు, సిపాయి తుపాకి.

శుభ్రం చేయడం గురించి ఒక మాట. పాత సైనిక తూటాలు, ముఖ్యంగా అడుగున ‘కె.ఎఫ్.’ ముద్ర ఉన్న మన కిర్కీ కర్మాగారపు తూటాల వంటివి కాలిస్తే ప్రైమర్ నుంచి ఒక రకం ఉప్పు బ్యారెల్‌లో మిగులుతుంది. ముసురు పట్టినప్పుడు డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లినట్టు ఆ ఉప్పు గాలిలోని తేమను లాగి, రెండు మూడు రోజుల్లో ఉక్కును తినేస్తుంది. నూనెతో తుడిస్తే ఉప్పు పోదు, నీటికే కరుగుతుంది. రేంజ్ నుంచి రాగానే వేడినీళ్లు గరాటుతో వెనుక నుంచి పోసి, పొడి చిందీ లాగి, పూర్తిగా ఆరాక నూనె పూయాలి. పటాలంలో వెనుకటివారు కెటిల్ పట్టుకుని ఈ పనే చేసేవారు. గ్రీజు గడ్డకట్టి వచ్చిన రైఫిల్ అయితే, టెక్సస్ ఎండాకాలం మన అనంతపురం ఎండకు తీసిపోదు కనుక, కర్రను నల్లటి కవరులో చుట్టి ఎండలో ఉంచి, కారిన జిడ్డును గుడ్డతో తుడుచుకుంటే చాలు.

ప్రశ్న: నేను పొలం రక్షణ కోసం లైసెన్సు తీసుకుని 12 బోరు తుపాకి వాడుతున్నాను. షూటింగ్ మీద ఆసక్తి పెరిగింది. ఒక మధ్యవర్తి, రీకండిషన్ చేసిన మిలటరీ .303 రైఫిల్ తక్కువ ధరకు ఇప్పిస్తానంటున్నాడు. మా తాతగారి .315 రైఫిల్ కూడా ఇంట్లో పెట్టెలో ఉంది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. ఏది మంచిది?
– రైతు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: మొదట ఆ మధ్యవర్తితో మాట్లాడడం మానేయండి. సైన్యం, పోలీసులు వాడిన .303, 7.62 వంటి బోర్లు మన చట్టంలో నిషేధిత వర్గం. 1959 ఆయుధాల చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేనిదే వాటిని ఎవరూ దగ్గర ఉంచుకోకూడదు. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా పద్నాలుగేళ్ల దాకా. మీ చేతిలో ఉన్న 12 బోరు లైసెన్సు ఈ విషయంలో మిమ్మల్ని కాపాడదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో .303కు వీడ్కోలు పలికారన్న వార్త వచ్చినప్పటి నుంచి, ‘ఇప్పుడు అవి బయటికి అమ్ముతున్నారు’ అనే పుకారు మన వైపు కూడా తిరుగుతోంది. సర్వీసు నుంచి తీసేసినంత మాత్రాన బోరు నిషేధం తొలగిపోదు. మన సీమలో పోలీసు రికార్డుల్లో ఇటువంటి తుపాకి ఏ పేరుతో నమోదవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

.303 మీది మోజు తీరే దారి ఒకటుంది, అదీ మీ పెట్టెలోనే ఉంది. ఇషాపూర్ కర్మాగారం పౌరుల కోసం చేసే .315 స్పోర్టింగ్ రైఫిల్‌కు లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టే ఆధారం; మూయగానే అదే చప్పుడు, అదే జారుడు. సైనిక తూటా పౌరుల చేతికి పోకూడదన్న పాత దొరల కాలపు పట్టుదల వల్లనే .315, మామూలు జనం వాడే బోరుగా స్థిరపడింది. 2021 అక్టోబరు నుంచి ఆ కర్మాగారం అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ కింద ఉంది. ఇంకొంచెం దూరం, ఇంకొంచెం గురి కావాలనుకుంటే .30-06 రైఫిల్ కూడా నిషేధం కాని బోరే.

అయితే మీ తాతగారి రైఫిల్ ఏడాదిన్నరగా ఇంట్లోనే ఉందన్నారు, అది మంచిది కాదు. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని జమచేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుని పేరిట లైసెన్సుకు కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. మీరు రేపే స్టేషనుకు వెళ్లి, మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు చూపి జమచేయండి. ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాసివ్వండి. 2019 సవరణ ప్రకారం ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించకూడదు కనుక 12 బోరుతో కలిపి ఇది మీకు సరిపోతుంది; మూడవదానికి చోటు లేదు. మీకు అక్కరలేక, లైసెన్సు ఉన్న ఇంకొకరికి అమ్మదలిస్తే, జిల్లా మేజిస్ట్రేటుకు గాని, స్టేషనుకు గాని రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి.

లైసెన్సు వచ్చాక కూడా నేరుగా తూటా వేసి కాల్చవద్దు. పెట్టెలో ఏళ్ల తరబడి పడుకున్న రైఫిల్ బ్యారెల్‌లో కందిరీగ మట్టిగూడు కట్టి ఉన్నవి నా కళ్లతో రెండు చూశాను. గూడు ఉన్న బ్యారెల్‌లో తూటా పేలితే ఉక్కు అరటిపండు తొక్కలా విచ్చుకుంటుంది. బోల్టు తీసి, వెలుతురు చూసి, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ చూపించండి. తాతగారి కాలపు తూటాలు మిగిలి ఉంటే వాటిని కాల్చకుండా తుపాకితో పాటే జమచేయండి. అభ్యాసం అనుమతి ఉన్న రేంజ్‌లోనే. కొండ వాలు ఖాళీగా ఉంది కదా అని గొర్రెల కాపరులు తిరిగే చోట గురి పెట్టడం, పెళ్లి ఊరేగింపులో ఆకాశంలోకి కాల్చడం రెండూ ఒకే తప్పు. నిర్లక్ష్యంగా, సంబరంగా కాల్చేవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని ఆ సవరణలోనే చేర్చారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, షూటింగ్ నేర్చుకుంటానంటోంది. మాజీ సైనికులైన మా మామగారు ‘అసలైన రైఫిల్‌తో మొదలుపెట్టాలి, గాలి తుపాకి పిల్లల ఆట’ అంటున్నారు. నిజమేనా?
– గృహిణి, అనంతపురం

జవాబు: మీ మామగారి అనుభవం పట్ల గౌరవంతోనే చెబుతున్నానమ్మా, ఈ విషయంలో మాత్రం అమ్మాయి పక్షమే నాది. సైనిక రైఫిల్ చప్పుడుకూ తాపుకూ భయపడి, ట్రిగ్గరు నొక్కే క్షణంలో కళ్లు మూసుకునే అలవాటు మొదటి రోజే పట్టుకుంటే దాన్ని వదిలించడానికి ఏడాది పడుతుంది. ఎన్.సి.సి. వారు కూడా పిల్లలకు ముందు .22 ఇచ్చి తర్వాతనే పెద్ద రైఫిల్ ఇచ్చేవారు. ఆ సంగతి మామగారికి గుర్తుచేయండి. గాలి తుపాకి ఆటవస్తువు కాదు. పది మీటర్ల పోటీలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే, ముగ్గు చుక్కలో పదో వంతు కూడా ఉండదు. నల్లటి వృత్తం మధ్య దాన్ని అరవైసార్లు వెతకడమే ఆ పోటీ.

2016 ఆయుధాల నియమాల ప్రకారం .177, అంటే 4.5 మి.మీ. బోరు దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్‌కు (జౌల్ అంటే శక్తికి కొలత) మించకుండా ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. దుకాణంలో ‘ఇది .22 గాలి తుపాకి, ఇంకా గట్టిగా కొడుతుంది’ అని చూపిస్తే వద్దనండి. దానికి లైసెన్సు కావాలి, పోటీలకూ పనికిరాదు. బిల్లు మీద బోరు, శక్తి రెండూ రాయించుకోండి. ఇంట్లో పెల్లెట్ల డబ్బా ఒక బీరువాలో, తుపాకి మరొక బీరువాలో, రెండు తాళాలు వేరువేరు మనుషుల దగ్గర ఉండేలా చూడండి. అందులో ఒకటి మామగారికే ఇవ్వండి.